అంబాసిడర్ ఎడమ కన్ను – ఓమ్ సూత్రం

ఓమ్ సూత్రం ప్రయోగం చేయని సైన్సు విద్యార్థి ఉండడు. రికార్డులో గ్రాఫు గీసి, లెక్చరర్ గారి సంతకం పెట్టించుకుని, ఆ సాయంత్రానికే మరిచిపోతాం. 1827లో జర్మనీ దేశస్థుడు జార్జ్ సైమన్ ఓమ్ ప్రకటించిన ఆ చిన్న సూత్రం పాత కారు హెడ్‌లైటు దగ్గర ఎంత పనికొస్తుందో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం. ఆర్ట్స్ మిత్రులు పేజీ తిప్పేయనక్కరలేదు. గుణకారం, భాగహారం వస్తే చాలు.

అంబాసిడర్‌నే తీసుకుందాం. దాని తయారీ 2014లో ఆగిపోయింది. అయినా మా ఇంట్లో ఒకటి ఇంకా తిరుగుతూనే ఉంది. మిరప కోతల రోజుల్లో రాత్రి ప్రయాణాలు తప్పవు. రోడ్డు మీద సగం మేర మొక్కజొన్న ఆరబోసి, చుట్టూ రాళ్ళు పేర్చి ఉంటాయి. (ఎండకపోతే గింజకు బూజు పడుతుంది, కళ్ళం లేని రైతు ఎక్కడ పోసుకుంటాడు?) వెనక ఎర్రదీపం లేని ట్రాక్టర్ ట్రక్కులు సరేసరి. అక్కడ కారు లైటు గుడ్డిదైతే పోయేవి ప్రాణాలే.

లైటు చెడిందనగానే బల్బు కొనడానికి పరుగెత్తకూడదు. ముందు చూడవలసింది, చెడింది ఒకటా రెండా అని. రెండు లైట్లూ బ్రైటులోనూ డిమ్ములోనూ వెలగకపోతే ఫ్యూజు, స్విచ్చి, వాటికి వచ్చే తీగ చూడాలి. బ్రైటు వెలిగి డిమ్ము మాత్రం రెండు వైపులా పోతే డిప్పర్ స్విచ్చిని అనుమానించాలి. మా బండికి అది ఎడమ కాలి దగ్గర నేల మీద ఉంటుంది. పొలం నుంచి బురద కాళ్ళతో ఎక్కే ఇళ్ళలో అది తుప్పు పట్టడంలో వింత లేదు. రెండూ మసకగా ఉండి, ఇంజను రేజ్ చేయగానే వెలుగు పెరిగితే బ్యాటరీ, బెల్టు, ఛార్జింగు సంగతి చూడాలి.

అసలు చిక్కంతా ఒక్క లైటే మసకబారినప్పుడు. పోయిన చలికాలం మా కారు ఎడమ లైటు ఆముదం దీపంలా తయారైంది. టౌన్లో మెకానిక్ ఒకాయన రెండుసార్లు కొత్త బల్బు వేశాడు, రెండుసార్లూ డబ్బులు తీసుకున్నాడు. వెలుగు మాత్రం మారలేదు. "ఒరేయ్, నువ్వు చదివేది కరెంటు గురించే కదా, కాస్త చూడరా" అన్నాడు నాన్న.

బల్బు తీసేసి హోల్డరులో మల్టీమీటరు పెడితే 12.6 వోల్టులు చూపించింది. అంటే తీగలు బాగున్నట్టేనా? కాదు. డిజిటల్ మీటరు లోపలి నిరోధం కోటి ఓములదాకా ఉంటుంది. దాని గుండా పారే కరెంటు లేనట్టే లెక్క. కరెంటు పారకపోతే చిలుము పట్టిన అతుకు దగ్గర వోల్టేజి పడిపోదు, లోపం బయటపడదు. అందుచేత బల్బు పెట్టి, లైటు వేసి ఉంచే కొలవాలి. మీటరు ఒక కొసను బ్యాటరీ నెగెటివ్‌కూ, రెండో కొసను బల్బు ఎర్త్ కాలికీ ఆనించాలి. తరువాత ఇలాగే పాజిటివ్ నుంచి బల్బుకు కరెంటు వచ్చే కాలికి కొలవాలి. అర వోల్టు దాటితే ఆ దారిలో ఎక్కడో లోపముంది. మా కారులో ఎర్త్ వైపు 1.7 వోల్టులు వచ్చింది!

లెక్క వేయండి. 60 వాట్ల బల్బు 12 వోల్టుల దగ్గర 5 ఆంపియర్లు తీసుకుంటుంది, కనుక వెలుగుతున్నప్పుడు దాని నిరోధం 2.4 ఓములు. అతుకు దగ్గర ఇంకో 0.4 ఓము చేరితే మొత్తం 2.8. అప్పుడు కరెంటు సుమారు 4.3 ఆంపియర్లు, బల్బుకు దక్కేది 10.3 వోల్టులు. పోయింది 1.7 వోల్టులే కదా అనుకోవద్దు. ఫిలమెంటు వెలుగు వోల్టేజి కన్నా చాలా వేగంగా పడిపోతుంది. ఈ లెక్కన మిగిలేది నూటికి అరవై పాళ్ళే. తప్పిపోయిన విద్యుత్తు అతుకు దగ్గర 7 వాట్ల వేడిగా మారుతుంది. చేయి పెడితే తెలుస్తుంది.

ఎర్త్ పూర్తిగా తెగితే ఇంకో తమాషా. డిమ్ములో పెట్టినా డాష్‌బోర్డు మీద బ్రైటు తెలిపే నీలం దీపం మిణుకుమనవచ్చు. దారి లేని కరెంటు ఆ బల్బులోని రెండో ఫిలమెంటు గుండా, అవతలి లైటు బ్రైటు ఫిలమెంటు మీదుగా బాడీకి చేరుతుంది. నీళ్ళకు బోదె మూస్తే పక్క మడిలోకి గండి పెట్టుకున్నట్టే.

మందు సులభం. ముందు బ్యాటరీ ఎర్త్ తీగ విప్పాలి. హెడ్‌లైటు ఎర్త్ తీగ బాడీకి బిగించిన చోట రంగునూ తుప్పునూ ఉప్పుకాగితంతో లోహం మెరిసేదాకా గీకి, గట్టిగా బిగించి, పైన కాస్త వాజిలైన్ రాయాలి. మాకైన ఖర్చు ఉప్పుకాగితం ఖరీదే.

వెలుగు చాలలేదని 100 వాట్ల బల్బులు వేసేవారున్నారు. కరెంటు 5 నుంచి 8.3 ఆంపియర్లకు పెరుగుతుంది. తీగలో వేడి కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది కనుక దాదాపు 2.8 రెట్లవుతుంది. పాత తీగల తొడుగు కరగడానికి అది చాలు. ఫ్యూజుకు బదులు రాగి తీగ చుట్టిన బండైతే మరీ ప్రమాదం. అంతకన్నా ఒక రిలే పెట్టించడం మేలు. స్విచ్చి మీద రిలే చుట్టకు కావలసిన కొద్ది కరెంటు మాత్రమే పడుతుంది, లైట్ల భారమంతా బ్యాటరీ నుంచి ఫ్యూజు మీదుగా పొట్టి, లావు తీగలో నేరుగా పోతుంది.