డాన్ క్విక్సోట్ నవలలో మతాచార్యుని వివేకము

సెర్వాంటిస్ రచించిన స్పానిషు నవల ‘డాన్ క్విక్సోట్’ (1605, 1615)లో నాయకుని మిత్రుడును, గ్రామ మతాచార్యుడును అగు పేరో పేరెజ్ వివేకమునకు ప్రతినిధి. ఆ వివేకస్వరూప మెట్టిదో విచార్యము.

ప్రథమభాగమున ఆఱవ అధ్యాయములో ఇతడు మిత్రుని మతి చెఱచిన వీరగాథలను పరీక్షించి, పెక్కింటిని అగ్నికి అర్పించును. ఐనను క్షురకమిత్రుని మాట మన్నించి ‘అమాడిస్’ను విడిచిపెట్టును. ‘టిరాంటు’ గాథలో వీరులు భుజింతురు, నిద్రింతురు, వీలునామా వ్రాసి శయ్యపై మరణింతురు. అందులకే దానిని మెచ్చుకొనును. ఇది కథాద్వేషి తీర్పు కాదు, రసజ్ఞుని తీర్పు.

మిత్రుని ఇల్లు చేర్చుటకు ఇతడు తర్కము నాశ్రయింపలేదు. తొలుత తానే స్త్రీవేషము ధరించి, అది తన వృత్తికి తగదని విడిచెను. డొరొటియా రాకుమారిగా నటించెను. తుదకు నాయకుని మంత్రబద్ధునిగా నమ్మించి బోనులో తెచ్చిరి. ఉన్మాదమును మరలించుటకు వివేకమే కల్పనను అరువు తెచ్చుకొనవలసివచ్చెను.

ద్వితీయభాగాంతమున నాయకునికి మతి కుదిరినది. అది మతాచార్యుని ఉపాయముల ఫలము కాదు. పాపనివేదనము విని, మిత్రుడు స్వస్థచిత్తుడైనాడనియు, మరణ మాసన్నమనియు ప్రకటించుటయే ఇతనికి మిగిలిన పని. నాయకుడు వీలునామా వ్రాయించి శయ్యపైననే కన్నుమూసెను. ఒకనాడు గ్రంథమున మెచ్చుకొన్న సహజత్వమును మతాచార్యుడు మిత్రుని మరణమున చూడవలసివచ్చెను.