బోడి టైరు

ఆనందపురం కూడలి. తెల్లవారకముందే పూల వాసన. చుట్టుపక్కల ఊళ్ల నుంచి బంతి, చామంతి, మల్లె పూల మూటలు మార్కెట్టుకు వస్తాయి. చాలామంది ఆడవాళ్లు మూటలతోనే ఆటో ఎక్కుతారు.

ఆ రోజు వాన. పూలమ్మే అక్క ఒకామె ఆటో ఎక్కబోయి వెనక చక్రం చూసింది. గుండు గీసినట్టు నున్నగా ఉంది.

"ఏటి తమ్ముడూ, టైరు బోడైపోనాది?"

"ఇంకా నెల్రోజులు వస్తాదప్పా. ఎక్కు."

ఆమె వంగి చూసింది. టైరు పక్కన నాలుగు అంకెలున్నాయి. 1416.

"ఇది 2016ది కదా!"

డ్రైవరు తెల్లబోయాడు. "సదువుకున్నావేటప్పా?"

"నిరుడే."

ఆమె ఎక్కలేదు. వెనకున్న వాళ్లూ ఆగిపోయారు. డ్రైవరుకు కోపం వచ్చింది. రాదా మరి? ఆటో అప్పు మీద తీసినది. టైర్లు మారిస్తే ఆ రోజు సంపాదన పోయినట్టే.

అయినా రోడ్డును పట్టుకునేది ఇంజను కాదు, టైరు. ఒక్కో టైరు నేలను తాకే చోటు సుమారు అరచేయంత. టైరు మీద గాడులుంటాయి. వాననీరు ఆ గాడుల్లోంచి బయటికి పోతుంది. గాడులు అరిగిపోతే చక్రం నీటి మీద జారుతుంది. బ్రేకు వేసినా బండి ఆగదు. అది 16వ నంబరు జాతీయ రహదారి. కోల్‌కతా, చెన్నై లారీలు తిరిగే దారి. అక్కడ ఆటో జారితే ఏమవుతుంది?

మరి పందెం కార్లకు నున్నటి టైర్లు వేస్తారు కదా? నిజమే. కొన్ని దేశాల్లో పావు మైలు పందెం ఉంది. అంటే సుమారు 400 మీటర్లు. రెండు కార్లు పక్కపక్కన నిలబడి ఒక్కసారిగా దూసుకుపోతాయి. వాటి టైర్లు మెత్తని రబ్బరువి. పొడి రోడ్డును జిగురులా పట్టుకుంటాయి. వానొస్తే పందెం ఆపేస్తారు. ఇంకో సంగతి. మామూలు కారుకు ఆ టైర్లు వేస్తే సరిపోదు. ఇరుసులు, గేర్లు కూడా గట్టివి వేయాలి. టైరు జారకపోతే ఇంజను బలమంతా ఇరుసు మీద పడుతుంది. తట్టుకోలేని ఇరుసు విరుగుతుంది. టైరు రిమ్ము మీద తిరిగిపోకుండా కొందరు మరలు కూడా బిగిస్తారు.

ఆటోలో ఇంజను బలం వెనక రెండు చక్రాలకే వెళుతుంది. ముందు చక్రం మలుపు తిప్పడానికి. మనుషుల బరువు, మూటల బరువు ఎక్కువగా వెనకే. అందుకే వెనక టైర్లు ముందు అరుగుతాయి. గాలి తక్కువైతే అంచులు అరుగుతాయి. ఎక్కువైతే నడుమ అరుగుతుంది.

టైరు మీద 4.00-8 అని ఉంటే వెడల్పు 4 అంగుళాలు, రిమ్ము 8 అంగుళాలు. 1416 అంటే 2016వ సంవత్సరం, 14వ వారంలో తయారైంది. గాడి అడుగున చిన్న రబ్బరు దిమ్మ ఉంటుంది. టైరు అరిగి దిమ్మతో సమానమైతే మార్చాల్సిందే. ఆటో టైరు గాడి లోతు 0.8 మిల్లీమీటర్ల కంటే తగ్గకూడదని చట్టం.

నాలుగో రోజున ఆ ఆటోకు వెనక రెండు కొత్త టైర్లు వచ్చాయి. అక్క అంకెలు చదివింది. ఎక్కింది. లోపల అప్పటికే ఎనిమిది మంది. ఆ ఆటోకు అనుమతి ముగ్గురికే.

"తమ్ముడూ, టైరు కొత్తదే. ఇరుసు కూడా కొత్తదేనా?" అంది.

చేసి చూడండి:
మీరు ఎక్కే ఆటో టైరు మీద నాలుగు అంకెలు వెతకండి. ఏ సంవత్సరానిది?
మీ ఊరి ఆటోలో ఎంతమంది ఎక్కుతున్నారు? లెక్క రాయండి.