కోయ్నా భూకంపాలు నేర్పిన పాఠం

భూమి పైపొర లోతుల్లో పగుళ్లుంటాయి. పగులుకు ఇరువైపుల శిలలు జారినట్లయితే దానిని భ్రంశరేఖ అంటారు. ఏళ్ల తరబడి శిలలలో పేరుకొన్న ఒత్తిడి ఒక్కసారిగా విడుదలైనపుడు ఆ రేఖ వెంట నేల కంపిస్తుంది.

దక్కను పీఠభూమి గట్టి నేల, ఇచ్చట పెద్ద భూకంపాలు రావన్న నమ్మకం ఒకప్పుడు బలంగా ఉండేది. మహారాష్ట్రలోని సాతారా జిల్లాకు చెందిన కోయ్నా లోయ ఆ నమ్మకాన్ని చెరిపివేసింది. కోయ్నా నదిపై 103 మీటర్ల ఎత్తున కట్టిన ఆనకట్ట వెనుక 1962లో నీరు నిలువసాగింది. కొద్దికాలానికే చిన్న ప్రకంపనలు మొదలయ్యాయి. 1967 డిసెంబరు 11 తెల్లవారుజామున 6.3 తీవ్రతతో భూకంపం సంభవించి, సుమారు 180 మంది మరణించారు. ఆనకట్ట పగుళ్లు వారినా నిలిచింది. అనంతరం దానిని పటిష్ఠపరిచారు.

నీటికీ భూకంపానికీ సంబంధమేమిటి? జలాశయపు బరువు అడుగున ఉన్న శిలలను నొక్కుతుంది. పగుళ్లలోకి ఇంకిన నీరు అక్కడి పీడనాన్ని పెంచి, శిలలను జారకుండా పట్టి ఉంచే రాపిడిని తగ్గిస్తుంది. ఒత్తిడి భూమిలో ముందే ఉంది; జలాశయం దానిని కదిలించిందంతే. అందుకే ప్రతి ఆనకట్ట వద్దా భూకంపాలు రావు. దక్షిణాన వారణా జలాశయం 1985లో నిండనారంభించిన పిదప ప్రకంపనలు అటువైపూ విస్తరించాయి. 1967 నుండి ఈ ప్రాంతంలో 5కు మించిన తీవ్రతగల భూకంపాలు ఇరవైకి పైగా వచ్చాయి. హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు దశాబ్దాలుగా వీటిని అధ్యయనం చేస్తున్నారు.

కోయ్నాకు చాలా దూరాన, వేరొక చోట, 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున లాతూరు జిల్లా కిల్లారి వద్ద భూమి కంపించింది. తీవ్రత ఇంచుమించు కోయ్నా అంతే. మృతులు మాత్రం దాదాపు పది వేలు. ఇళ్లు దగ్గర దగ్గరగా ఉన్న గ్రామాలవి. మట్టితో పేర్చిన మందపు రాతిగోడలు, వాటిపై బరువైన మట్టి కప్పులు నిద్రిస్తున్నవారిపై కూలాయి. ప్రాణాలు తీసింది కంపించిన నేలకన్నా కూలిన గోడలే.

కనుక అద్దెకు ఇల్లు చూసుకొనేవారు గోడ దేనితో కట్టినదో, కప్పు బరువెంతో కూడా గమనించాలి. సొంతంగా కట్టుకొనేవారు పునాది మీద, తలుపులపైన, కప్పు కింద ఇంటి చుట్టూ విడవకుండా ఇనుపచువ్వల కాంక్రీటు పట్టీ వేయించాలి. రాతిగోడ అయితే రెండు ముఖాలను కలిపే పొడవాటి రాళ్లు అక్కడక్కడ పెట్టమని మేస్త్రీని కోరాలి. పడక పక్కన ఎత్తైన బీరువా, తల మీది అటకపై బరువులు ఉంచరాదు.

ఇంట ఉండగా నేల కదిలితే బల్ల కిందకు చేరి తల కాచుకోవాలి, లిఫ్టు వాడరాదు. కంపం ఆగిన పిమ్మట గ్యాసు, విద్యుత్తు ఆపి, మెట్ల మీదుగా ఆరుబయటకు రావాలి. భూకంపం ఏ ఘడియకు వచ్చునో ముందుగా చెప్పే విద్య నేటికీ లేదు. గోడను ముందుగా బాగుచేసుకొనే విద్య ఉన్నది.