మాట మార్చే ఇంట్లో పూడుల్ పిల్ల

మొద్దు కుక్కను పెంచడం సులువు, తెలివైన కుక్కను పెంచడమే కష్టం. కొనబోయేవాళ్లకు ఈ సంగతి అమ్మేవాడు చెప్పడు. కెనడా మనస్తత్వ శాస్త్రవేత్త స్టాన్లీ కోరెన్ 1994లో కుక్కల తెలివి మీద ఒక పుస్తకం రాశాడు. కుక్కల పోటీల్లో మార్కులు వేసే న్యాయనిర్ణేతలను అడిగి, ఏ జాతి ఎంత తొందరగా మాట పట్టుకుంటుందో వరస కట్టాడు. బోర్డర్ కోలీ మొదటిది, పూడుల్ రెండోది. ఆ పై వరసలోని కుక్కలు కొత్త మాటను ఐదుసార్లు చెప్పేలోపే పట్టేస్తాయట. బాగానే ఉంది. కానీ ఐదుసార్లలో 'కూర్చో' నేర్చుకున్న కుక్క, మూలుగుతూ కూర్చుంటే చపాతీ ముక్క దొరుకుతుందని కూడా ఐదుసార్లలోనే నేర్చుకుంటుంది.

ఒకప్పుడు కరీంనగర్‌లో బుజ్జికుక్క అంటే పొమెరేనియనే. ఇప్పుడు ఉంగరాల జుట్టు, బొత్తాల్లాంటి కళ్లున్న పూడుల్ సంకరాలు కూడా హైదరాబాద్ నుంచి ఒకటీ అరా వచ్చి చేరుతున్నాయి. పూడుల్‌కు కాకర్ స్పానియల్ కలిస్తే కాకపూ, మాల్టీస్ కలిస్తే మాల్టిపూ. ఒళ్లో పట్టేంత ఉంటాయి, మనుషుల్ని వదిలి ఉండలేవు, ఇంట్లో ఎవరి అలవాటేమిటో ఇట్టే కనిపెడతాయి. ఈ చివరి గుణం గురించే నా మాటంతా. ఇంత గమనించే ప్రాణి ఇంట్లోకి వస్తే, ఆ ఇంటివాళ్లు ఎంతవరకు మాట మీద నిలబడతారో నెల తిరక్కుండానే తేలిపోతుంది.

ఒక మూడు తరాల ఇల్లు అనుకోండి. సోఫా ఎక్కొద్దని బాపు నియమం పెట్టాడు. ఆయన "గెట్ డౌన్" అంటాడు, నాయినమ్మ "దిగు బిడ్డా" అంటుంది, పిల్లవాడు "నో, నో" అంటూనే పక్కన కూర్చోబెట్టుకుంటాడు. ముగ్గురూ ఒకటే చెప్తున్నామనుకుంటారు. కుక్కకు భావం తెలియదు, చప్పుడు తెలుస్తుంది. మూడు చప్పుళ్లు, మూడు ఫలితాలు. ఇక అన్నం దగ్గర సంగతి మీకు తెలిసిందే. "పాపం, సూడు ఎట్ల సూస్తుందో. గింత ముక్క పెడితే ఏమైతది?" అని నాయినమ్మ ఒక్కరోజు చెయ్యి చాపుతుంది. ఒక్కరోజే కదా అనుకుంటాం, అక్కడే దెబ్బ తింటాం. ఎప్పుడూ పెట్టకపోతే అడగడం మానేస్తుంది. ఎప్పుడో ఒకసారి పెడితే మాత్రం మరింత పట్టుదలగా అడుగుతుంది. అప్పుడప్పుడు మాత్రమే దొరికే బహుమతి అలవాటును ఎంత గట్టిగా నాటుతుందో అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త స్కిన్నర్ పావురాల మీద, ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో ఎప్పుడో చూపించాడు. లాటరీ టికెట్టు కొనేవాడిని నడిపించేదీ అదే. ఫోన్ ఇవ్వనని చెప్పి, ఏడుపు పెరగగానే ఇచ్చేసే తండ్రి కూడా తన పిల్లవాడికి తెలియకుండా నేర్పుతున్నది ఇదే: ఇంకొంచెం గట్టిగా ఏడువు.

కాబట్టి శిక్షణ కుక్కతో మొదలు కాకూడదు. ఇంటిల్లిపాదీ కూర్చుని ఒక పనికి ఒకే మాట అనుకోవాలి. 'దిగు' అంటే అందరికీ 'దిగు'. సోఫా వద్దంటే పండగనాడూ వద్దు. నిలబెట్టుకోలేని నియమం పెట్టుకోవద్దు. సోఫా మీదికి రానివ్వాలనే ఉంటే మొదటి రోజే హాయిగా రానివ్వండి, కొంపేమీ మునగదు. పది నియమాలు పెట్టి ఎనిమిది మరిచిపోయే పెద్దమనిషి కంటే, రెండే పెట్టి రెండూ పాటించేవాడి మాటే కుక్క వింటుంది. ఆఫీసులో కింది ఉద్యోగులు వినేదీ అలాంటివాడి మాటే అని నా అనుభవం, అయితే అది మరో వ్యాసం.

బస్టాండు పుస్తకాల కొట్లో దొరికే వ్యక్తిత్వ వికాస పుస్తకాలన్నీ తెల్లవారుజామునే లేవమంటాయి. చదివినవాళ్లలో లేచేది ఎందరో గానీ, రామగుండంలోనో ఆదిలాబాద్‌లోనో ఈ కుక్కను పెంచేవాడికి మే నెలలో లేవక తప్పదు. ఎండ 45 డిగ్రీలకు చేరడం ఇక్కడ కొత్త కాదు. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, నాలుక చాపి రొప్పడమే అది చల్లబడే ప్రధాన మార్గం. ఎనిమిది దాటాక నడిపిస్తే సిమెంటు రోడ్డుకు పాదాలు కాలుతాయి. అరచెయ్యి వెనక భాగాన్ని ఐదారు సెకన్లు రోడ్డు మీద ఆనించి చూడండి, మీరు ఓర్చుకోలేకపోతే అదీ ఓర్చుకోలేదు. పొద్దున అరగంట, పొద్దుగూకాక అరగంట దీనికి చాలు. మానేరు డ్యాం కట్ట దగ్గరగా ఉన్నవాళ్లు అదృష్టవంతులు. చలికాలం ఆదిలాబాద్‌ది ఇంకో లెక్క. డిసెంబరు, జనవరిల్లో కొన్నేళ్లు 5 డిగ్రీల కిందికి దిగిపోతుంది. పూడుల్‌కు లోపలి మెత్తటి బొచ్చు పొర ఉండదు. తల స్నానం చేయించి తడితో వదిలేస్తే వణికిపోతుంది. వేలాడే చెవుల్లో తడి నిలిస్తే చీము పడుతుంది.

నడక కంటే కూడా దానికి ఎక్కువ కావలసింది బుర్రకు పని. పాత తువ్వాలు మడతల్లో నాలుగు పెడిగ్రీ గింజలు దాచి వెతకమనండి, పావుగంట లోకం మరిచిపోతుంది. పని లేని తెలివి చెప్పుల మీద పడుతుంది.

జుట్టు గురించి ఒక భ్రమ బాగా పాకింది: ఇవి వెంట్రుకలు రాల్చవు, కనుక చాకిరీ లేదు అని. దీని వెనక ఒక కథ ఉంది. 1980ల చివర్లో ఆస్ట్రేలియాలో వాలీ కాన్రన్ అనే ఆయన అంధులకు కుక్కలను తయారుచేసే సంస్థలో పనిచేసేవాడు. హవాయిలో చూపులేని ఒకావిడకు కుక్క కావాలి, ఆమె భర్తకు కుక్క వెంట్రుకలు పడవు. లాబ్రడార్‌ను పెద్ద పూడుల్‌తో కలిపితే మూడు పిల్లలు పుట్టాయి. ఆ భర్తకు సరిపడింది వాటిలో ఒక్కటే, సుల్తాన్. మిగతా సంకర పిల్లల్ని పెంచడానికి ఎవరూ ముందుకు రాలేదు. 'లాబ్రడూడుల్' అని ఆయన పేరు తగిలించాక గానీ ఫోన్లు మోగలేదు. ఆ పేరు పట్టుకుని వ్యాపారం పుట్టడం చూసి, ముసలితనంలో తాను చేసిన పనికి ఆయనే బాధపడ్డాడు. సంకరమంటే ఎవరి జుట్టు వస్తుందో, ఎవరి గుణం వస్తుందో ముందే చెప్పలేం. అమ్మేవాడు హామీ ఇస్తే నవ్వి ఊరుకోండి.

రాలని జుట్టు పెరుగుతూనే ఉంటుంది. రోజూ పది నిమిషాలు దువ్వకపోతే చెవుల వెనక, చంకల్లో జడలు కడుతుంది. ఆదివారం చూద్దాంలే అనుకున్నవాళ్లకు ఆదివారం దువ్వెన దిగదు. జడలు చర్మాన్ని లాగి పుండు చేస్తాయి, గోమార్లు వాటి కిందే దాక్కుంటాయి, ఆఖరికి గొరిగించడమే మిగులుతుంది. కత్తిరింపు ఆరు వారాలకొకసారి కావాలి. వేసవిలో గుండు కొట్టిస్తే చల్లగా ఉంటుందనుకుంటారు, ఆ చర్మాన్ని ఎండ మరింత కాలుస్తుంది. వేలెడు పొట్టిగా కత్తిరిస్తే చాలు.

ఇక ఒంటరితనం. పిల్లలు దుబాయికో డాలస్‌కో వెళ్లిపోయిన ఇళ్లు జగిత్యాల, నిర్మల్ వైపు ఎన్నో. "నీకు తోడుంటది అమ్మా" అని కొడుకు ఫోన్లో చెప్పి కుక్కపిల్లను పంపిస్తాడు. తోడు నిజమే. ఈ జాతి స్వభావమే అంటిపెట్టుకుని ఉండటం. పెళ్లికని తాళం వేసి పొద్దంతా పోతే మాత్రం తలుపు గీరుతుంది, గొంతు పోయేలా మొరుగుతుంది, చాప చింపుతుంది. తిరిగొచ్చి కొడతాం. తల వంచుకుని చూస్తే 'తప్పు తెలుసుకుంది' అంటాం. అమెరికాలో అలెగ్జాండ్రా హోరోవిట్జ్ అనే పరిశోధకురాలు 2009లో ఈ చూపునే పరిశీలించింది. తప్పు చేసినా చేయకపోయినా, యజమాని గద్దించినప్పుడే ఆ చూపు ఎక్కువగా వస్తోందని తేలింది. దానికి తెలిసింది మన కోపం ఒక్కటే. నన్నయ భారతంలో సరమ గుర్తుందా? యజ్ఞశాల దగ్గర ఆడుకుంటున్న తన పిల్లను జనమేజయుడి తమ్ముళ్లు కొట్టారని ఆ తల్లి కుక్క నేరుగా రాజు దగ్గరికే వచ్చి నిలదీసింది. మహాభారతం మొదట్లోనే ఒక కుక్కపిల్ల దెబ్బకు న్యాయం అడగడం ఉందంటే, కోపాన్ని బలహీనుడి మీద దించుకునే అలవాటు మనకు ఎంత పాతదో! కుక్కకు ఒంటరిగా ఉండటం అలవాటు చేయాలంటే మొదట రెండు నిమిషాలు తలుపేసి వెళ్లి రండి, తర్వాత ఐదు, తర్వాత పదిహేను. వెళ్లేటప్పుడు బుజ్జగింపులు, వచ్చాక సంబరాలు వద్దు.

తిండిలో పథ్యం చిన్నదే, కాకపోతే మన వంటింట్లో అదే కష్టం. ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ కుక్క రక్తాన్ని పాడుచేస్తాయి, అంటే సర్వపిండి ముక్క కూడా వద్దు. పాయసంలో కిస్‌మిస్, చాక్లెట్, చక్కెర లేని చూయింగ్‌గమ్ ఇంకా ప్రమాదం. మూడు నెలలకు రేబిస్ టీకా, ఆపైన ఏటేటా. పశువుల దవాఖానలో వేస్తారు. కోరుట్లలో పశువైద్య కళాశాలే ఉంది. జ్వరం వచ్చి తిండి మానేస్తే మన మాత్రలు వేయకుండా తీసుకెళ్లండి.

నన్నడిగితే, ఈ వాతావరణానికి మన ఊరకుక్క పిల్లే హాయి: జుట్టు పనీ లేదు, ఖర్చూ లేదు. అయినా మనసు ఈ ఉంగరాల జుట్టు మీదే ఉంటే ఒక పని చేయండి. డబ్బు కట్టకముందు ఒక నెల కుక్క లేకుండానే కుక్కను పెంచండి. ఐదున్నరకు లేచి అరగంట నడవండి. సాయంత్రం ఫోన్ పక్కన పడేసి పది నిమిషాలు ఊరికే కూర్చోండి, అది దువ్వే సమయం. చీకటి పడ్డాక మళ్లీ నడవండి. ఇంట్లో అనుకున్న రెండు నియమాలు ఎవరు తప్పారో గోడ మీది క్యాలెండర్‌లో గీత పెట్టండి. నెలలో సగం రోజులు తప్పితే కొనకండి. ఇవి పన్నెండు, పదిహేనేళ్లు బతుకుతాయి. నెల గట్టెక్కితే వెళ్లండి, కానీ తల్లి కుక్కను చూపించని చోట కొనకండి. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మడం 2017 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం నిషిద్ధం.