బెల్ కప్పు కడుగుతున్న మేనల్లుడికి

విజయవాడ,
16-11-2025.

చిరంజీవి మేనల్లుడికి,

మొన్న ఫోన్లో నీ గొంతు విన్న దగ్గర్నుంచి మీ అమ్మ దిగులు పెట్టుకుంది. "డిప్లొమా చదివి కప్పులు కడుగుతున్నాను మావయ్యా" అన్నావు. ఫోన్లో రెండు ముక్కల్లో తేలే సంగతి కాదని అప్పుడు ఊరుకున్నాను. ఈ ఉత్తరం తీరిగ్గా చదువుకో.

నేను పని నేర్చుకున్నది మన ఆటోనగర్ షెడ్లలోనని నీకు తెలుసు. లారీ బాడీకి లప్పం పెట్టి, వాటర్ పేపర్‌తో రుద్ది, గన్‌తో రంగు కొట్టేవాళ్లం. అందులో సగానికి పైగా గాల్లో కలిసేది. సాయంత్రానికి కనురెప్పలకి కూడా రంగు అంటుకునేది. ఈ నష్టానికి విరుగుడు 1940ల్లోనే అమెరికాలో దొరికింది. ఇండియానాపొలిస్‌కి చెందిన హెరాల్డ్ రాన్స్‌బర్గ్, రంగు తుంపరకి విద్యుత్తు ఎక్కించి వస్తువుని ఎర్త్ చేస్తే తుంపర దానంతటదే వస్తువుని వెతుక్కుంటూ వెళ్తుందని చేసి చూపించాడు. నేను మద్రాసు వైపు కార్ల పనికి వెళ్లాక అది కళ్లారా చూశాను. ఇనుప గొట్టానికి ముందు నుంచి కొడితే వెనక వైపుకీ రంగు చుట్టుకుంది. షెడ్డులో గాలిపాలైన డబ్బాలన్నీ ఆ క్షణాన గుర్తొచ్చాయి.

నువ్వు కడిగే బెల్ కప్పు, అంటే రంగుని తుంపరగా చిమ్మే ఆ గంట ఆకారపు కప్పు, ఈ పనికి గుండెకాయ. గాలి టర్బైన్ దాన్ని నిమిషానికి 20 వేల నుంచి 60 వేల చుట్లు తిప్పుతుంది. ఇరుసు గాలి పొర మీద తేలుతూ తిరుగుతుంది. 60 నుంచి 90 వేల వోల్టులు రంగుకి చార్జి ఎక్కిస్తాయి. నడి మధ్య నుంచి వచ్చిన రంగు లోపలి గోడ మీద పల్చగా పరుచుకుని అంచుకి చేరుతుంది. అంచు చుట్టూ కంటికి ఆనీ ఆనని సన్న కాలవలు చెక్కి ఉంటాయి, చూశావు కదా. ఒక్కో కాలవ నుంచి రంగు ఒక్కో దారంలా సాగి, తెగి, ఒకే తీరు చుక్కలవుతుంది. ఆ కాలవలు లేకపోతే రంగు తెరలా ఊడి గాలిని లోపల పట్టేస్తుంది. కారు మీద బుడగలు తేలతాయి.

డెల్టాలో పుట్టినవాడివి, నీకు వేరే చెప్పాలా? బ్యారేజీ దగ్గర నీళ్లు నిండుగా వదిలినా, పిల్లకాలవలో గుర్రపుడెక్క అడ్డుపడితే చివరి చేను ఎండుతుంది, పక్క గట్టు తెగుతుంది. కప్పు అంచు మీద ఆరిన రంగు కూడా అంతే. కొన్ని కాలవలు పూడిపోతే వాటి పక్కవాటిలోకి రంగు ఎక్కువ దూకుతుంది. చుక్కలు లావవుతాయి. బానెట్ మీద ఇసుక చల్లినట్టు కనిపిస్తుంది.

ఇంకో లెక్క చెప్తాను, కాగితం మీద నువ్వే వేసి చూసుకో. 5 సెంటీమీటర్ల కప్పు నిమిషానికి 40 వేల చుట్లు తిరిగితే దాని అంచు సెకనుకి దాదాపు 105 మీటర్ల వేగంతో పోతుంది. అక్కడ లాగే బలం భూమి లాగేదానికి సుమారు 45 వేల రెట్లు. ఒక్క మిల్లీగ్రాము రంగు ఒక పక్కన ఆరి ఉంటే, 45 గ్రాముల బరువు కట్టినట్టు ఇరుసుని అటు లాగుతుంది. గాలి పొర మీద తేలే ఇరుసు ఎన్నాళ్లు ఓర్చుకుంటుంది?

నా చేతుల మీదుగా జరిగిన తప్పు కూడా నీకు చెప్పాలి. ఒక రాత్రి షిఫ్టు చివర్లో కప్పుకి రంగు గట్టిగా పట్టేసింది. నానబెట్టే ఓపిక లేక బ్లేడుతో గీకాను. మర్నాడు తలుపుల మీద సన్న చుక్కలు. రంగు మార్చాం, ఫిల్టర్లు మార్చాం, గాలి పీడనం చూశాం. రెండు రోజుల తర్వాత మా మేస్త్రి దూది చుట్టిన పుల్ల తీసుకుని కప్పు అంచు వెంట నెమ్మదిగా తిప్పాడు. ఒకచోట దూది పీచు తగులుకుని ఆగింది. అక్కడ బ్లేడు గాటు ఉంది. ఆయన ఒక్క మాటా అనలేదు. కప్పు నా చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. ఆ రోజు నుంచి ఇనుప ముక్క ఏదీ కప్పు దగ్గరికి రానివ్వలేదు.

అందుకని నాయనా, కరెంటు ఆపి, మిగిలిన చార్జి ఎర్త్‌కి దించాకే చెయ్యి పెట్టు. కప్పు పూర్తిగా ఆగేదాకా బేరింగు గాలి కట్టెయ్యకు. థిన్నర్ రంగుకి థిన్నర్, నీటి రంగుకి దాని ద్రావకం. ఓపిగ్గా నానబెట్టు, మెత్తటి బ్రష్షే వాడు. లోపలితో పాటు వెనక వైపు, మరలు కూడా చూడు. టర్బైన్‌ని మాత్రం ద్రావకంలో ముంచకు. కార్లు నిలిపే కొక్కేల మీద పేరుకున్న రంగు కూడా తీయించు. ఎర్త్ అందకపోతే నిప్పురవ్వ పుట్టి మంటలంటుకోవచ్చు.

డిజైన్ చెయ్యాలని నీకు కోరిక కదా. రంగు ఏ మూల దాక్కుంటుందో, ఏ కోణంలో ద్రావకం అందదో, ఏ మర విప్పడానికి చెయ్యి తిరగదో రోజూ ఒక నోటుబుక్కులో రాసుకో. కడిగినవాడికే తెలిసే సంగతులవి. మురికి నిలిచే మూల లేని కప్పుని గీయాలంటే, ముందు ఆ మూల ఎక్కడుందో నీ వేళ్లకి తెలియాలి.

మన వైపూ పనులు పెరుగుతున్నాయి. 2019లో పెనుకొండ దగ్గర కియా కార్లు బయటికొచ్చాయి. 2025 మార్చిలో మల్లవల్లిలో అశోక్ లేలాండ్ బస్సుల ప్లాంటు తెరిచారు. చేతిలో పనితనం ఉంటే రేపు ఇంటి దగ్గరే అన్నం తిని డ్యూటీకి వెళ్లొచ్చు. మీ అమ్మ ఆశ అదే.

గాటు పడ్డ ఆ కప్పు ఇప్పటికీ నా బీరువాలో ఉంది. సంక్రాంతికి వచ్చినప్పుడు చూపిస్తాను. ముందు వేలితో అంచంతా తడుము, ఏమీ తగలదు. తర్వాత దూది తిప్పి చూడు.

వేళకి తిను. మాస్కు తియ్యకు.

ఇట్లు,
నీ మావయ్య