సింహాచలం అనాస వ్యర్థాలు – పారిశ్రామిక ముడిసరుకులు

విశాఖపట్నం సమీపాన సింహాచలం కొండవాలుల్లో సాగయ్యే అనాస తొలకరి నెలల్లో నగర వీధుల్లో బండ్లపై విరివిగా కనిపిస్తుంది. పండు తిన్న తరువాత మిగిలే తొక్క, నడిమి బెండు, తల కలిపి పండు బరువులో దాదాపు సగం ఉంటాయి. వ్యర్థాల వినియోగం అనగానే దృష్టి సహజంగా తొక్కపైకే పోతుంది. సింహాచలం విషయంలో అది సరైన ఆరంభం కాదు. ఇక్కడి పండు ప్రధానంగా తాజాగా అమ్ముడవుతుంది. అందువల్ల తొక్క ఇంటింటి చెత్తబుట్టల్లోకి చెదిరిపోతుంది. చక్కెర ఉన్నందున త్వరగా పులిసిపోతుంది. రసం తీసే కర్మాగారాల వద్ద ఒకే కుప్పగా దొరికే ముడిసరుకు ఇక్కడ దొరకదు.

తోటలో ఒకేచోట మిగిలేవి కాండం, ఆకులు. పిలక పంటలు ముగిసి తోటను తిరిగి నాటేటప్పుడు పాత మొక్కలను పెకలించి పారవేస్తారు. పారిశ్రామికంగా విలువైన బ్రోమెలైన్ అనే ఎంజైము అధికంగా ఉండేది ఈ కాండంలోనే. అనాస తిన్నప్పుడు నాలుక చురుక్కుమనడానికి కొంతవరకు కారణం ఇదే. మాంసకృత్తులను విడగొట్టే ఈ గుణం వల్ల మాంసాన్ని మెత్తబరచడానికి, తోళ్ల శుద్ధికి, పట్టుపై జిగురు తొలగించడానికి, కాలిన గాయాల్లోని మృత కణజాలాన్ని తీసివేసే ఔషధాలకు దీనిని వాడుతున్నారు.

బ్రోమెలైన్ వేడికి తాళదు. ఉష్ణోగ్రత 60 డిగ్రీల సెల్సియస్ దాటితే దాని శక్తి వేగంగా క్షీణిస్తుంది. కాండాన్ని ముందుగా ఉడికించినా, అధిక వేడిలో ఆరబెట్టినా మిగిలేది పీచే. కడిగి, ముక్కలు చేసి, రసం తీసి, చల్లబరచి, వడకట్టిన పిదప ఆల్కహాలు లేదా అమ్మోనియం సల్ఫేటుతో ఎంజైమును అవక్షేపింపజేస్తారు. ఇది రైతు ఇంటి పని కాదు. ప్రయోగశాల పరిశుభ్రత అవసరం. శుభ్రపరచిన కాండాన్ని తాజాగా, చల్లగా చేరవేయడమే రైతు సంఘం బాధ్యత. అనకాపల్లి జిల్లా పరవాడ ఔషధ పరిశ్రమల సముదాయం చేరువలో ఉండటం ఈ ప్రాంతానికి కలిసివచ్చే అంశం.

ఆకు లెక్క వేరు. 100 కిలోల పచ్చి ఆకు నుంచి లభించే నార సుమారు 2 నుంచి 3 కిలోలే. మిగిలిన బరువును లారీలో మోయడం వ్యర్థం కనుక నార తీసే యంత్రమే తోటకు రావాలి. కోల్‌కతాలోని జాతీయ సహజ నార ఇంజనీరింగ్, సాంకేతిక సంస్థ ఇటువంటి యంత్రాలపై కృషి చేసింది. సెల్యులోజ్ అధికంగా గల ఈ నార సన్నగా, మెరుపుతో ఉండి నూలుకు, మిశ్రమ పదార్థాలకు పనికివస్తుంది. ఫిలిప్పీన్స్ తోటల ఆకు నారతో కార్మెన్ హిజోసా రూపొందించిన పినాటెక్స్ తోలుకు బదులుగా చెప్పులు, సంచుల తయారీలో వాడుకలోకి వచ్చింది. నార తీయగా మిగిలిన పచ్చి పిప్పి వానపాముల ఎరువుకు అనుకూలం.

అయితే ఆకునంతటినీ తరలించరాదు. కొండవాలులో రాలిన ఆకే నేలకు కప్పు. వానధాటికి మట్టి కొట్టుకుపోకుండా ఆపుతుంది, పొటాషును తిరిగి నేలకిస్తుంది. పిలకలు మరుసటి నాటుకు విత్తనం కనుక వాటిని ముందే వేరు చేయాలి. విస్తరణ శాస్త్రవేత్తలు యంత్రం ధర విచారించడానికి ముందు, ఏటా తిరిగి నాటే విస్తీర్ణమెంత, మొక్కకు కాండం బరువెంత, నేలకు వదలవలసిన ఆకు ఎంత అనే మూడు కొలతలను తోటల్లోనే సేకరించాలి.