యుద్ధంలో పోయినవారి హక్కు: వెతకడం, మట్టి ఇవ్వడం, పేరు నిలపడం



మన సంఘం చేసే సేవల్లో ఎక్కువమంది కంటపడని సేవ ఒకటుంది. దిక్కులేని మయ్యత్‌కు గుసుల్ ఇచ్చి, కఫన్ చుట్టి, జనాజా నమాజు చదివి మట్టి ఇవ్వడం. ఇది ఫర్జె కిఫాయా. కొందరు చేస్తే అందరి బాధ్యతా తీరుతుంది, ఎవరూ చేయకపోతే ఊరంతా దోషమే. ఇదే బాధ్యత ఒక దేశం మీద, అదీ యుద్ధకాలంలో పడితే ఎలా ఉంటుందో ఈ వ్యాసంలో పరిశీలిద్దాం. యుద్ధంలో పోయినవారికి దేశం మూడు విధాలుగా రుణపడి ఉంటుంది. వారిని వెతకాలి. వారి ధర్మం ప్రకారం అంత్యక్రియలు చేయాలి. వారి పేరు నిలపాలి.

దీన్ నేర్పిన మర్యాద

హిజ్రీ 3వ సంవత్సరంలో ఉహుద్ మైదానంలో సుమారు 70 మంది సహాబాలు షహీద్ అయ్యారు. దైవప్రవక్త ముహమ్మద్ (స) వారిని రక్తం అంటిన ఆ బట్టలతోనే, గుసుల్ లేకుండా ఖననం చేయించారు. బతికినవారు గాయాలతో అలసిపోయి ఉన్నందున ఒక్కో ఖబరులో ఇద్దరిని, ముగ్గురిని ఉంచారు. ఖుర్ఆన్ ఎక్కువగా వచ్చినవారిని ముందు ఉంచమన్నారు. కొందరు తమవారిని మదీనాకు తీసుకెళ్లబోతే, పడిన చోటనే ఖననం చేయమని వెనక్కి పంపించారు. యుద్ధంలో పోయినవారిని రణభూమిలోనే ఉంచడమన్న పద్ధతికి మనకు ఇదే ఆధారం.

శత్రువు విషయంలోనూ హద్దులున్నాయి. శవాల అవయవాలు కోయడాన్ని దైవప్రవక్త (స) నిషేధించారు. అంతకుముందు బద్ర్‌లో చనిపోయిన శత్రువులను సైతం ఎండకూ జంతువులకూ వదిలేయకుండా ఒక పాడుబడిన బావిలో పూడ్పించారు. ఒక యూదుని శవయాత్ర వెళుతుంటే ఆయన లేచి నిలబడ్డారు. అతను ముస్లిం కాడు కదా అని ఎవరో అంటే, అతనిదీ ప్రాణమే కదా అన్న భావంతో జవాబిచ్చారు. చనిపోయిన మనిషి దేహానికి గౌరవం అతని మతాన్ని బట్టో పక్షాన్ని బట్టో మారదని దీని సారాంశం.

పేరు దక్కినవారు, దక్కనివారు

మొదటి ప్రపంచయుద్ధంలో గాయపడిన మన సైనికుల్లో చాలామందిని ఇంగ్లండ్‌లోని బ్రైటన్ ఆసుపత్రులకు చేర్చారు. అక్కడ చనిపోయిన హిందువులను, సిక్కులను ఊరి బయట కొండమీద దహనం చేశారు. ఆ చోట 1921లో ఛత్రి నిలిచింది. ముస్లిం సైనికులకు ఇస్లామీయ పద్ధతిలో ఖననం జరగడం లేదని జర్మనీ ప్రచారం మొదలుపెట్టింది. దానికి జవాబుగా వోకింగ్ పట్టణంలోని షాజహాన్ మసీదుకు దగ్గరలో ప్రత్యేకంగా ఖబ్రస్తాన్ కట్టించారు. శవం గౌరవం కూడా యుద్ధంలో ఆయుధమవుతుందని దీన్నిబట్టి తెలుస్తుంది.

1917లో ఏర్పడిన ఇంపీరియల్ యుద్ధ సమాధుల కమిషన్ ఒక మంచి సూత్రం పెట్టుకుంది. అధికారి అయినా, సిపాయి అయినా ఒకే కొలత రాయి. హోదా తేడా లేదు. అయితే యూరప్‌లో పాటించినంతగా ఆ సూత్రాన్ని మిగతా చోట్ల పాటించలేదు. ఇరాక్‌లోని బస్రా స్మారకం మీద అధికారుల పేర్లు చెక్కారు. వేలాదిమంది భారత సిపాయిలకు మాత్రం దళం పేరు, ఒక అంకె మిగిలాయి. ఆఫ్రికా, ఆసియా, మధ్యప్రాచ్య ప్రాంతాలవారే ఎక్కువగా, కనీసం 1,16,000 మంది మృతులకు పేరుతో స్మరణ దక్కలేదని, అసలు స్మరణే దక్కనివారూ వారిలో ఉన్నారని ఆ సంస్థ తానే వేయించిన విచారణ 2021లో తేల్చింది. నూరేళ్ల తర్వాత క్షమాపణ చెప్పింది. సూత్రం రాసుకుంటే చాలదు, అది చివరి సిపాయి దాకా చేరాలి.

మన దేశం నడిచిన దారి

1965 సెప్టెంబరు 10న పంజాబ్‌లోని అసల్ ఉత్తర్ దగ్గర పాటన్ ట్యాంకులను ఎదుర్కొని ప్రాణమిచ్చిన హవల్దార్ అబ్దుల్ హమీద్‌ది ఉత్తరప్రదేశ్‌లోని ధాముపూర్. ఆయన ఖబరు మాత్రం అసల్ ఉత్తర్‌లోనే ఉంది. ఆనాడు పోయినచోటనే మట్టి ఇవ్వడం మామూలు.

1999 కార్గిల్ యుద్ధం నుంచి పద్ధతి మారింది. భౌతికకాయాన్ని జెండా కప్పి సొంత ఊరికి పంపడం ఆనవాయితీ అయింది. 2020 జూన్‌లో గల్వాన్‌లో అమరుడైన కర్నల్ సంతోష్ బాబును సూర్యాపేటకు అలాగే తెచ్చారు. యుద్ధం అంటే ఏమిటో దేశంలోని ప్రతి ఊరికీ తెలిసివచ్చింది ఈ మార్పుతోనే.

కానీ తీసుకురావడం ఎప్పుడూ సులభం కాదు. కెప్టెన్ హనీఫుద్దీన్ 1999 జూన్ 6న తుర్తుక్ ప్రాంతంలో మంచుకొండల మీద పోరాడుతూ అమరుడయ్యారు. వయసు పాతికేళ్లు కూడా నిండలేదు. శత్రువు కాల్పుల వల్ల ఆయన దేహం నలభై రోజులకు పైగా కొండమీదే ఉండిపోయింది. నా కొడుకు శవం కోసం మరో తల్లి బిడ్డ ప్రాణం పోగొట్టుకోవద్దని ఆ తల్లి హేమా అజీజ్ సైన్యాధిపతికి చెప్పారు. మృతుల హక్కు గొప్పదే, బతికినవారి ప్రాణం దానికన్నా ముందని దీన్ చెప్పేమాటను ఆ తల్లి ఆచరించి చూపించారు.

అదే యుద్ధంలో పాకిస్తాన్ తన సైనికులను తనవారని ఒప్పుకోకుండా చాలామంది శవాలను తీసుకోలేదు. మన సైన్యమే వారిని ఇస్లామీయ పద్ధతిలో ఖననం చేసింది. పాకిస్తాన్ సైన్యం 453 మంది పేర్లతో జాబితా బయటపెట్టింది 2010లో. పదకొండేళ్ల పాటు పేరులేకుండా ఉన్నవారికి మట్టి ఇచ్చింది ఎదుటిపక్షం. భారత పౌరులుగా మనం గర్వపడవలసిన విషయమిది.

2019 ఫిబ్రవరి 25న ఢిల్లీలో జాతీయ యుద్ధ స్మారకం ప్రారంభమైంది. స్వాతంత్ర్యం తర్వాత అమరులైన 25,942 మంది పేర్లు అక్కడి గోడల మీద చెక్కారు. సిపాయి పేరూ, అధికారి పేరూ ఒకే వరుసలో ఉంటాయి.

మన సముద్రంలోని ఖబర్లు

ఇది దూరప్రాంతాల చరిత్ర మాత్రమే అనుకోనక్కర్లేదు. మన ఎస్.కోట వాళ్లం విశాఖ వెళితే బీచ్ రోడ్డులో కురుసుర జలాంతర్గామినీ, ‘విక్టరీ ఎట్ సీ’ స్మారకాన్నీ చూసి వస్తాం. ఏటా డిసెంబరు 4న నౌకాదళం ఆ స్మారకం దగ్గర పుష్పగుచ్ఛాలు ఉంచుతుంది. 1971 డిసెంబరు 3, 4 తేదీల నడుమ రాత్రి విక్రాంత్ నౌకను వెతుక్కుంటూ వచ్చిన పాకిస్తాన్ జలాంతర్గామి గాజీ ఆ తీరంలోనే మునిగింది. ఎలా మునిగిందన్న దానిపై రెండు దేశాల కథనాలూ వేరు. అందులోని 93 మందిలో ఒక్కరూ బతకలేదు.

వారం తిరగకముందే డిసెంబరు 9న అరేబియా సముద్రంలో మన ఐఎన్ఎస్ ఖుక్రి మునిగింది. 18 మంది అధికారులు, 176 మంది నావికులు పోయారు. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా నౌకను వదలకుండా దానితోపాటే వెళ్లిపోయారు. వారి స్మారకం డయ్యూలో ఉంది. రెండు పక్షాల తల్లులకూ ఖబరు దగ్గర నిలబడే అవకాశం గానీ, చితాభస్మం గానీ దక్కలేదు.

ఓడలో మరణించి తీరం దూరంగా ఉంటే గుసుల్, కఫన్, జనాజా నమాజు పూర్తిచేసి, బరువు కట్టి నీటిలోకి దించమని ఫిఖ్హ్ చెబుతుంది. మునిగిన జలాంతర్గామిలో అదీ కుదరదు. అప్పుడు ఆ ఓడే ఖబరు. 2024 ఫిబ్రవరిలో మన నౌకాదళం గాజీ శిథిలాలను సముద్రగర్భంలో గుర్తించినా, లోపల ఉన్నవారి పట్ల గౌరవంతో ముట్టుకోకుండా వదిలేసిందని వార్తలు వచ్చాయి. 1944లో మునిగిన జపాన్ జలాంతర్గామి కూడా అదే సముద్రంలో ఉంది. కొన్నిసార్లు వెతికి, కనుక్కుని, కదిలించకుండా ఉంచడమే మర్యాద.

మనం చేయగలిగింది

దేశం చేసే పనికి మన ఊరి స్థాయిలో మూడు పనులు సరిపోలుతాయి.

ఒకటి, దిక్కులేని మయ్యత్ విషయం తెలిసిన వెంటనే కబురు చేయడం. పోలీసు పంచనామా, ఆసుపత్రి కాగితాలు పూర్తయ్యేలోగా బంధువుల ఆచూకీ వెతకడానికి మనిషి కావాలి, బండి కావాలి, ఫ్రీజర్ బాక్స్ కావాలి.

రెండు, ఖబ్రస్తాన్ రిజిస్టరు. మన ఖబర్లు మట్టివి, నాలుగు వానలకు నేలలో కలిసిపోతాయి. పెద్ద కట్టడాలు మనకు వద్దు. అయితే ఉస్మాన్ బిన్ మజ్ఊన్ (రజి) ఖబరుకు గుర్తుగా దైవప్రవక్త (స) ఒక రాయి ఉంచారు. గుర్తు సున్నతే. పేరు, తండ్రి పేరు, ఊరు, తేదీ, వరుస సంఖ్య రాసి ఉంచితే మనవలు వచ్చి అడిగిన రోజున చూపించగలం. పేరు తెలియకపోతే దొరికిన చోటు, తేదీ, ఆనవాళ్లు రాయాలి.

మూడు, మన ప్రాంతపు సైనిక కుటుంబాలు. డిసెంబరు 7 సాయుధ దళాల పతాక దినం. 1949 నుంచి జరుగుతోంది. ఆ నిధి అమరుల కుటుంబాలకు, మాజీ సైనికులకు వెళుతుంది. ఏ మతంవారి ఇల్లయినా ఆ గడప మనది.

దాతలకు ఒక ముఖ్య విషయం. హనఫీ ఫిఖ్హ్ ప్రకారం జకాత్ సొమ్ము అర్హుడైన పేదవాడి సొంతం కావాలి. మయ్యత్ దేనికీ యజమాని కాలేడు. అందుకే కఫన్‌కు, ఖబ్రస్తాన్ పనులకు జకాత్ వాడం. వీటికి సదఖా, లిల్లాహ్ చందాలే ఆధారం. రసీదు రాయించేటప్పుడు ఏ ఖాతాకో స్పష్టంగా చెప్పగలరు.

ఇతర మేళ్లకు అందుకున్నవారు దుఆ ఇస్తారు. ఈ మేలు అందుకున్నవారు తిరిగి ఏమీ ఇవ్వలేరు, దీని ప్రతిఫలం అల్లాహ్ దగ్గరే. దేశం కోసం ప్రాణమిచ్చినవారి కుటుంబాలకు ఆయన సహనం ఇవ్వాలని, పేరు తెలిసినవారినీ తెలియనివారినీ గౌరవంగా సాగనంపే భాగ్యం మనకు ప్రసాదించాలని దుఆ చేస్తున్నాం. ఆమీన్.